బతికిన రాయి

మద్రాసు పట్టణం చూచి వచ్చిన మన పాతతరంవారు అక్కడి మ్యూజియమును ‘చచ్చిన కాలేజి’ అనీ, జంతుప్రదర్శనశాలను ‘బతికిన కాలేజి’ అనీ చెప్పుకొనేవారు. ఆ పేర్లు పెట్టినవారు నిఘంటువులు తిరగవేసినవారు కారు. అయినా ప్రాణమున్నదేదో లేనిదేదో రెండే మాటలలో తేల్చివేసినారు. ఆ చచ్చిన కాలేజికి చిరకాలం అధిపతిగా ఉన్న ఎడ్గార్ థర్‌స్టన్ సంకల్పం వలననే 1909లో మెరీనా తీరాన ఒక అక్వేరియం కూడా వెలసినది. గాజుపలకల వెనుక ఈదులాడే సముద్రపు చేపలను ఊళ్ళ నుండి వచ్చినవారు వింతగా చూచిపోయేవారు.

నేను ఈ టపాలో వ్రాయదలచినది చేపలను గురించి కాదు. చేపల వెనుక, తొట్టి అడుగున, ఎవరి చూపూ నిలువని రాయిని గురించి. దానిని చచ్చిన కాలేజిలో చేర్చాలా, బతికిన కాలేజిలో చేర్చాలా అన్నది చూడగానే తేలదు. ఉప్పునీటి అక్వేరియం పెంచేవారు దానిని ‘లైవ్ రాక్’ అంటారు. తెలుగులో ‘జీవశిల’ అనవచ్చునా అని మొదట ఆలోచించినాను. జీవశిల అంటే రాయే జీవమని అర్థం వస్తుంది. అది నిజం కాదు. ‘సజీవ శిల’ అన్నప్పుడు మాత్రం ‘జీవముతో కూడినది’ అని విగ్రహవాక్యం. బహువ్రీహి ఇక్కడ శాస్త్రానికి సరిగ్గా సరిపోయినది. రాయి ఇల్లు మాత్రమే. జీవం అందులో కాపురమున్నది. ఇల్లు పాడుపడినంత మాత్రాన కాపురమున్నవారందరూ పోయినట్లు కాదు, ఇల్లు నిలిచియున్నంత మాత్రాన వారందరూ క్షేమమనీ కాదు. ఈ వ్యాసంలో నేను చెప్పదలచినదంతా ఈ సమాసంలోనే ఉన్నది.

ఇంతకూ ఆ రాయి ఎక్కడిది? పగడపు జీవులు సముద్రజలంలోని సున్నాన్ని తీసుకొని తమ గూళ్ళు కట్టుకొంటాయి. తరతరాల గూళ్ళు ఒకదానిపై ఒకటి పేరుకొని పగడపు దిబ్బలవుతాయి. తుఫానులకు విరిగిపడిన ముక్కలు లోపలంతా గుల్లబారి, పురుగులు తొలిచిన కలపవలె ఉంటాయి. పగడపు జీవి ఎప్పుడో చనిపోయింది. కాని ఆ గుల్లలలో వేరే సంసారాలు వెలుస్తాయి. పైన సున్నాన్ని తనలో పేర్చుకొనే ఊదారంగు నాచు పూత పూస్తుంది. సందులలో పురుగులు, పెళుసు చేతుల నక్షత్రజీవులు, స్పంజికలు, ఆవగింజంత రొయ్యజాతి ప్రాణులు తిరుగుతూ ఉంటాయి. కంటికి ఆనని సూక్ష్మజీవులు ప్రతి రంధ్రపు గోడకూ అంటుకొని ఉంటాయి.

ఆ కంటికి ఆననివే అసలు పనివారు. చేపల విసర్జనం వలన, మిగిలిపోయిన మేత కుళ్ళటం వలన నీటిలో అమోనియా పుడుతుంది, అది విషం. రాతి పైపొరలలో, ప్రాణవాయువు అందే చోట ఉండే సూక్ష్మజీవులు ఆ అమోనియాను నైట్రైటుగా, నైట్రైటును నైట్రేటుగా మారుస్తాయి. రాతి లోతులలో ప్రాణవాయువు అందని చోట మరొక జాతివి ఆ నైట్రేటును విరిచి నత్రజని వాయువుగా గాలిలోకి పంపివేస్తాయి. ఒకే రాతిలో పైన ఒక వృత్తివారు, లోపల మరొక వృత్తివారు. ఊరికి చాకిరేవు, మంగలిసావడి ఎటువంటివో తొట్టికి ఈ రాయి అటువంటిది. చేస్తున్నంతకాలం ఎవరూ గుర్తించరు, మానివేసిననాడు ఊరంతా గగ్గోలు.

ఈ సంగతి మనుష్యులకు తెలియటానికి సుమారు నూటపాతికేళ్ళు పట్టినది. ఆ కథ లండనులో, ఒక గృహిణి ఇంటిలో మొదలయినది.

*  *  *

ఆనా థిన్ అనే ఆమె 1846లో ఇంగ్లండు దక్షిణతీరాన టార్కీ అనే ఊరిలో కొన్ని పగడపు జీవులను సేకరించి, జాడీలో పెట్టుకొని లండనుకు తెచ్చినది. భర్త వెస్ట్‌మినిస్టర్ దేవాలయంలో మతాధికారి. సముద్రం ఎక్కడో ఉన్నది, నీరు మాటిమాటికీ తెప్పించటం సాధ్యం కాదు. అందుచేత తెరచిన కిటికీ ముందు నిలబెట్టి, పనిమనిషి చేత ఆ నీటిని ఒక పాత్రలో నుండి మరొక పాత్రలోకి ఎత్తి పోయించేది. మన ఇళ్ళలో వేడి పాలు తిరగబోసినట్లన్నమాట. పాలు చల్లారటానికి మనం చేసే పనిని ఆమె నీటికి గాలి తగలటానికి చేయించినది. తరువాత సముద్రపు నాచును కూడా చేర్చి, ఆ జీవులను ఏళ్ళ తరబడి బతికించినది. చరిత్రలో ఆమె పేరు నిలిచినది. ఆ చేతులు నొప్పిపుట్టేలా నీరు పోసిన పనిమనిషి పేరు మనకు మిగలలేదు.

1850లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయనవేత్త లండనులోని కెమికల్ సొసైటీకి ఒక చిన్న ప్రయోగం నివేదించినాడు. మంచినీటి తొట్టిలో బంగారుచేపలు, ఒక నీటిమొక్క. మొక్క ప్రాణవాయువు ఇచ్చును, చేపలు పీల్చును. లెక్క సరిపోయినది కాని కొద్దికాలానికే రాలిన ఆకులు కుళ్ళి నీరు కలకబారినది. ఆయన కొన్ని నత్తలను విడిచిపెట్టినాడు. అవి కుళ్ళిన ఆకులను తిని తొట్టిని శుభ్రపరచినవి. తినేవాడు, ఇచ్చేవాడు ఇద్దరూ ఉన్నంతమాత్రాన సంసారం సాగదు. ఊడ్చేవాడు కూడా కావాలని అర్థమయినది అప్పుడే. తరువాత ఆయన ఉప్పునీటితోనూ అదే ప్రయోగం సాగించినాడు.

ఫిలిప్ హెన్రీ గాస్ అనే ప్రకృతిశాస్త్రవేత్త ఈ విద్యను ఇంటింటికీ చేర్చినాడు. 1853లో లండను జంతుప్రదర్శనశాలలో ప్రజలకోసం మొట్టమొదటి మత్స్యగృహం తెరచినప్పుడు ఆయన సాయమున్నది. మరుసటి ఏడు ‘ది అక్వేరియం’ అన్న గ్రంథం ప్రకటించినాడు. అంతవరకు తలా ఒక పేరుతో పిలుస్తున్న ఈ తొట్టికి ఆ మాట అప్పటినుండి స్థిరపడినది. లాటిను భాషలో ‘అక్వేరియం’ అంటే పశువులు నీళ్ళు తాగే చోటు. మన కుడితితొట్టికి అన్నగారని చెప్పుకోవచ్చును. గాస్ చేసిన బోధలలో ఒకటి మన కథకు ముఖ్యం. నాచును పీకి తేవద్దు, సుత్తి, ఉలి తీసుకొనిపోయి అది అంటియున్న రాతిముక్కతో సహా చెక్కి తెమ్మన్నాడు. నాచుకు వేళ్ళు లేవు, రాతిని విడిచిన నాచు బతకదని ఆయన కారణం. నాచు కోసం రాయిని తెచ్చినవారు, రాయి తనంతట తాను చేస్తున్న పనిని గమనించలేదు.

ఆ బోధకు ఫలం త్వరలోనే కనబడినది. వందలాదిగా జనం సుత్తులు పట్టుకొని తీరాలమీద పడినారు. గాస్ కుమారుడు ఎడ్మండ్ 1907లో ‘ఫాదర్ అండ్ సన్’ అన్న స్వీయకథలో, తాను చిన్ననాడు చూచిన రాతిమడుగుల శోభ అంతా ఈ వేడుకకారుల చేతిలో నాశనమయినదనీ, తన తండ్రి గ్రంథాలే అందుకు కారణమయినాయనీ బాధపడినాడు. తండ్రికి కూడా అది దుఃఖకారణమే అయినదని వ్రాసినాడు. సజీవ శిల చరిత్రలో ఇది మొదటి బాకీ. ఈ బాకీ తరువాతి కాలంలో వడ్డీలతో పెరిగినది.

*  *  *

ఇక చీకటి సంగతి. గాస్ కాలపు తొట్లలో చాలభాగం కొద్ది నెలలలో పచ్చబారి, కంపుకొట్టి పోయేవి. అక్వేరియం సామానుల వర్తకుడుగా మొదలుపెట్టి, పెద్ద పెద్ద మత్స్యగృహాలను నిర్మించిన విలియం ఆల్ఫర్డ్ లాయిడ్ దీనికి విరుగుడు కనిపెట్టినాడు. చూపరులకోసం పైన ఉండే తొట్ల కంటె ఎన్నో రెట్లు పెద్దదయిన నీటికొట్టు ఒకటి క్రింద, వెలుతురు చొరని చీకటిలో కట్టించి, నీటిని ఎడతెగకుండా పైకీ క్రిందికీ తిప్పేవాడు. 1864లో హాంబర్గు నగరంలోనూ, 1871లో లండను క్రిస్టల్ ప్యాలెసులోనూ ఇట్లే చేసినాడు. చీకటిలో నాచు పెరగదు. మలినం మాత్రం అక్కడ విరిగి శుద్ధి అవుతుంది. ఎందుకు అవుతున్నదో చెప్పగల శాస్త్రం అప్పటికి పుట్టలేదు.

1877లో ఫ్రాన్సు దేశపు ష్లోజింగ్, మ్యుంట్స్ అనే ఇద్దరు ఒక పొడవైన గొట్టంలో ఇసుక, సున్నపురాతి పొడి కలిపి నింపి, పైనుండి మురుగునీరు మెల్లగా వదలినారు. సుమారు 20 రోజులపాటు ఏ మార్పూ లేదు. పోసిన అమోనియా పోసినట్లే క్రిందికి దిగినది. ఆ తరువాత అమోనియా తగ్గి నైట్రేటు రాసాగినది. ఇది కేవలం రసాయన క్రియ అయితే మొదటి రోజే జరుగవలసినది గదా! క్లోరోఫారం ఆవిరి పంపేటప్పటికి ఆ పని ఆగిపోయినది. మత్తుమందుకు లొంగేది ప్రాణమున్నదే. ఆ సున్నపురాతిలో ఎవరో కాపురం చేరినారని అట్లా తెలిసినది. సజీవ శిలకు శాస్త్రం రూపొందిన రోజు అదే అని నేను అంటాను. ఆ 20 రోజుల నిరీక్షణను గుర్తుంచుకోవలసినదిగా మనవి. ముందు పని ఉన్నది.

ఇంగ్లండులో రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో ఈ విషయాన్ని ముందుకు తీసుకొనిపోయినవాని పేరు కూడా రాబర్ట్ వారింగ్టనే. నత్తలను వదలి తొట్టిని నిలబెట్టిన వారింగ్టనుకు సొంత కుమారుడు. అమోనియా నుండి నైట్రేటు వరకు పని రెండు అంచెలలో జరుగుతున్నదని ఈయన చూపినాడు. 1890 ప్రాంతాన రష్యా శాస్త్రజ్ఞుడు వినొగ్రాడ్‌స్కీ ఆ సూక్ష్మజీవులను విడదీసి పట్టుకొన్నాడు. తండ్రి తొట్టిని నడిపినవారెవరో కుమారుని తరంలో తెలియటం శాస్త్రచరిత్రలో అరుదైన వంశకథ.

దీనికి ఇటీవలి అనుబంధం ఒకటున్నది. ఉప్పునీటిలో అమోనియాను మార్చేవి బాక్టీరియాలు మాత్రమే అని శతాబ్దంపైగా అనుకొన్నారు. 2005లో ప్రకటితమయిన పరిశోధన ఒకటి, వాటితో సంబంధం లేని ఆర్కియా అనే మరొక ప్రాచీన వంశపు జీవి కూడా ఈ పని చేస్తుందని తేల్చినది. ఆ జీవి దొరికినది మహాసముద్రపు అగాధంలో కాదు, అమెరికాలోని సియాటిల్ అక్వేరియంలో, ఒక ఉష్ణమండలపు తొట్టి అడుగు గులకరాళ్ళలో. దానికి నైట్రోసోప్యుమిలస్ మారిటిమస్ అని పేరు పెట్టినారు. ‘ప్యుమిలస్’ అంటే మరుగుజ్జు. ఆ వామనుడు లోకపు సముద్రాలన్నిటా వ్యాపించియున్నాడని తరువాత తెలిసినది.

*  *  *

శాస్త్రం ఇంత చెప్పినా ఇళ్ళలో తొట్లు పెంచేవారికి రాయి విలువ చాలకాలం అందలేదు. పగడపు కొమ్మలను ఉడకబెట్టి, బ్లీచింగులో వేసి, మల్లెపువ్వులా తెల్లగా చేసి తొట్టిలో అలంకారంగా పెట్టేవారు. అది శుభ్రత అనుకొన్నారు. సరిగ్గా చచ్చిన కాలేజి.

దీనిని తలక్రిందులు చేసినవాడు జకార్తా నివాసి లీ చిన్ ఎంగ్. 1961లో అమెరికా పత్రిక ‘ట్రాపికల్ ఫిష్ హాబీయిస్ట్’లో తన ‘ప్రకృతి పద్ధతి’ని వివరించినాడు. సముద్రం నుండి తెచ్చిన నీరు, సముద్రం నుండి తడి ఆరకుండా తెచ్చిన రాళ్ళు, సూర్యుని వెలుగు, సన్నని గాలిబుడగలు. అంతే. వడపోత యంత్రం లేదు. పగడాలు, చేపలు హాయిగా ఉన్నవి. సముద్రం పెరటిలో ఉన్నవానికి ఇది సులభం. వేల మైళ్ళ అవతల చలిదేశాలవారికి రాళ్ళు చేరేలోపల తడి ఆరి, సగం ప్రాణులు చచ్చి కుళ్ళి, నీటిని విషం చేసేవి. కనుక కొత్త రాయిని తెచ్చినవెంటనే తొట్టిలో వేయక, వేరే పాత్రలో వారాల తరబడి ఉంచి, కుళ్ళినది వదలిపోయేవరకు నీరు మార్చటం నేర్చుకొన్నారు. ఈ పనికి వారు పెట్టిన పేరు ‘క్యూరింగ్’. మన మేస్త్రీలు కొత్త స్లాబుకు నీళ్ళు కట్టటాన్ని అదే మాటతో పిలుస్తారు. రెండింటికీ కావలసినవి కూడా అవే. నీళ్ళు, ఓపిక, తొందరపడని యజమాని.

బెర్లిను నగరపు ఔత్సాహికులు, ముఖ్యంగా డీట్రిచ్ స్ట్యూబర్, స్విట్జర్లండుకు చెందిన పీటర్ విల్కెన్స్ వంటివారు 1970లలో, 80లలో ఈ పద్ధతికి మెరుగులు దిద్దినారు. సజీవ శిలలు, బలమైన దీపాలు, మలినాన్ని నురుగుగా తీసివేసే యంత్రం, దానికి తోడు బొట్లు బొట్లుగా సున్నపుతేట. అవును, మన సున్నపుతేటే. తాంబూలానికి సున్నం నానబెట్టిన ఏ ముసలమ్మకైనా తెలిసిన ఆ పైతేటతో జర్మనులు పగడాలను పెంచినారు. 1986లో జార్జి స్మిట్ అమెరికా పత్రికలో వరుసగా వ్రాసిన వ్యాసాలతో చిన్న ఇళ్ళలోనూ పగడపు తోటలు వేయవచ్చునన్న ఆశ ఆ దేశమంతటా వ్యాపించినది.

ఆశతోపాటు గిరాకీ. గిరాకీతోపాటు సుత్తులు. గాస్ కాలంలో డెవన్ తీరాన జరిగినదే ఈసారి ఫ్లోరిడాలో జరిగినది. అక్కడ సముద్రపు అడుగునుండి రాళ్ళు టన్నులకొద్దీ తరలిపోసాగినవి. ఫ్లోరిడా రాష్ట్రం 1989లో తన జలాలలో దీనిని నిషేధించినది; 1997 నాటికి సమాఖ్య జలాలలోనూ నిలిచిపోయినది. అప్పుడు వ్యాపారం ఫిజీ వైపు మళ్ళినది. ఫిజీ కూడా 2017లో ఎగుమతి ఆపివేసినది. సాధారణమైన సున్నపురాతిని సముద్రంలో దించి, కొన్నేళ్ళు అక్కడే ఉంచి, జీవులు చేరిన తరువాత పైకి తీసే సేద్యం ఫ్లోరిడాలో నిషేధం తరువాత బయలుదేరినది. అప్పు తీసుకొనకుండా గడుపుకొనే మార్గాలలో ఇది ఉత్తమమైనది.

మన దేశంలో పగడాలను 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చినారు. పెద్దపులికి ఉన్న రక్షణే పగడానికీ ఉన్నది. కనుక మన సముద్రపు పగడపు రాయిని తీయటం, అమ్మటం నేరం. మన తెలుగు తీరంలో పెద్ద పగడపు దిబ్బలు లేవు. పొరుగున మన్నారు సింధుశాఖలో ఉన్నవి. అక్కడ సున్నం కోసం, సిమెంటు కోసం పగడపు రాతిని దశాబ్దాలపాటు త్రవ్వినారు. 1986లో జాతీయ సముద్ర ఉద్యానంగా ప్రకటించేటప్పటికే చాల నష్టం జరిగినది. అక్కడి దీవులలో విలంగుచల్లి, పూవరసన్‌పట్టి అనేవి నీట మునిగిపోయినవి. అలలకు అడ్డుగా ఉన్న దిబ్బను తీసివేయటమే అందుకు ముఖ్యకారణమని చెబుతారు. రాయి తీస్తే దీవి పోతుంది. ఇంత పెద్ద విషయాన్ని గుర్తుపెట్టుకొని ఇప్పుడు ఒక చిన్న తొట్టి దగ్గరకు రావాలి.

*  *  *

2018 శీతకాలంలో నేను అమెరికాలో మా అబ్బాయి ఇంట కొన్ని నెలలు ఉన్నాను. హాలులో ఒక మూల 20 గ్యాలన్ల తొట్టి, అంటే సుమారు 75 లీటర్లది. 2014లో కొన్న ఫిజీ రాళ్ళు ఐదు అందులో ఉన్నవి. ఉద్యోగం మారిన తరువాత వాడికి తీరిక లేకపోయినది. ఎనిమిది నెలలుగా దాని మొహం చూచినవారు లేరు. చేపలు ఎప్పుడో పోయినవి. ఒకప్పుడు ఊదారంగులో ఉన్న రాళ్ళు తుమ్మబంక రంగుకు దిగి, పైన పిల్లి బొచ్చువంటి నాచు కప్పుకొని ఉన్నవి. “మామయ్యగారూ, వాసన వస్తున్నది. ఈ వారం చెత్తలో వేసేస్తాం” అన్నది కోడలు. దుకాణం వాడు కూడా అదే చెప్పినాడట, పాతవి పారవేసి కొత్తవి కొనుక్కొమ్మని. అడ్డుపడినది మా మనుమరాలు. పదకొండేళ్ళ పిల్ల. “తాతయ్యా, ఫిజీ రాయి ఇక రాదట కదా. ఇది పారేస్తే మళ్ళీ ఎక్కడ తెస్తాం?” అన్నది. ఆ ప్రశ్నకు ఎవరి దగ్గరా సమాధానం లేదు. కనుక పని మొదలయినది. అబ్బాయి వెనుక ఉండి చెప్పినాడు, పిల్ల చేసినది, నేను నోటుపుస్తకంలో తేదీలు వ్రాసినాను.

నిర్లక్ష్యం చేసిన తొట్టిలో మొదటి శత్రువు ఉప్పు. నీరు ఆవిరి అవుతుంది, ఉప్పు కాదు. లీటరుకు 35 గ్రాముల ఉప్పు ఉన్న నీటిలో పావువంతు ఆవిరి అయిపోతే మిగిలినది 46 గ్రాములు దాటుతుంది. చిన్న తొట్టిలో ఇది వారాలలో జరిగిపోతుంది. అందుకని ఉప్పులేని శుద్ధజలాన్ని రోజుకు కొంచెంగా కలిపి, నాలుగైదు రోజులలో మామూలు స్థితికి తెచ్చినారు. ఒక్కసారిగా మంచినీరు గుమ్మరిస్తే లోపల మిగిలియున్న జీవులు కూడా ఉబ్బి చస్తాయి. కరవులో ఉన్నవానికి ఒక్కసారి విందుభోజనం పెట్టరాదని పెద్దలన్నమాట ఇక్కడా వర్తిస్తుంది.

తరువాత రాళ్ళను ఒక్కొక్కటిగా, అదే ఉప్పుదనం గల నీటి బకెట్టులో ముంచి ఆడించినారు. రంధ్రాలలో పేరుకొన్న బూడిదరంగు మడ్డి కుప్పలుగా దిగినది. నాచును చేతితో పీకి, మెత్తని బ్రష్షుతో తోమినారు. ఇక్కడ ఒక హెచ్చరిక చేయటం నా విధి. రాతిని ఉడకబెట్టవద్దు, వేడినీళ్ళు పోసి తోమవద్దు. కొన్ని రాళ్ళకు అంటుకొని ఉండే పాలిథోవా అనే మెత్తని జీవులలో పాలిటాక్సిన్ అనే భయంకర విషం ఉంటుంది. హవాయి దీవులలో 1971లో శాస్త్రజ్ఞులు వేరుచేసిన విషం అది. అటువంటి రాళ్ళను ఉడికించి, ఆ ఆవిరి పీల్చి, ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలయిన సందర్భాలున్నవి. చేతులకు తొడుగులు, కళ్ళకు అద్దాలు ఉండవలసినదే.

ఆ తరువాత లాయిడ్ చేసినదే. మూతగల పెద్ద ప్లాస్టిక్ తొట్టెలో కొత్తగా కలిపిన ఉప్పునీరు, నీటిని కదిలించే చిన్న పంపు, వెచ్చదనం 25 డిగ్రీల దగ్గర నిలిపే హీటరు, పైన మూత. చీకటి. వెలుతురు లేనందున నాచు తనంతట తాను చస్తుంది. సూక్ష్మజీవులకు వెలుతురుతో పని లేదు, అవి మలినాన్ని తింటూ పోతాయి. వారానికి ఒకసారి రాళ్ళను మళ్ళీ ఆడించి, అడుగున చేరిన మడ్డి తీసివేసి, నీరు మార్చాలి. మొదటి వారాలలో అమోనియా, నైట్రైటు కనిపించినవి. నాలుగవ వారం చివర రెండూ లేవు. ష్లోజింగు గారి గొట్టం గుర్తుకు వచ్చినది. మధ్యలో తొందరపడి చేపను వదలియుంటే ఆ చేప పోయేది, రాయిమీద నింద పడేది. ఫాస్ఫేటు మాత్రం అంత త్వరగా వదలదు. ఏళ్ళ తరబడి మేతతో వచ్చి సున్నపురాతిలో ఇంకిపోయిన ఫాస్ఫేటు, నీరు మార్చినకొద్దీ నెలల తరబడి మెల్లగా ఊరుతూనే ఉంటుంది. బొచ్చునాచు మళ్ళీ మళ్ళీ రావటానికి కారణమదే. దానిని చూచి రాయి చచ్చినదని నిరాశపడరాదు. పాతబాకీ తీరుతున్నదని అనుకోవాలి.

ఎనిమిది వారాలకు రాళ్ళు తిరిగి అద్దాల తొట్టికి చేరినవి. ఒక రాత్రి దీపం ఆర్పిన తరువాత పిల్ల టార్చిలైటు వేసి నన్ను కేకవేసినది. రాతి రంధ్రంలో నుండి దారంవంటి చేయి ఒకటి బయటకు వచ్చి నీటిని తడుముతున్నది. పెళుసు నక్షత్రజీవి. ఎనిమిది నెలల ఉపేక్ష, రెండు నెలల చీకటి దాటి అది లోపలే ఉన్నది. నేను తిరిగి వచ్చే ముందు ఒక రాతి అంచున నువ్వుగింజలంత ఊదారంగు చుక్కలు నాలుగైదు కనిపించినవి.

ఇక్కడ ఒక పురాణవిషయం చెప్పాలి. అహల్య రాయి అయినదని మనం చిన్ననాటినుండి విన్నాము. వాల్మీకంలో ఆమె రాయి కాలేదు. ఎవరికీ కనబడకుండా, గాలినే ఆహారంగా చేసుకొని, బూడిదలో పడియున్నదని మాత్రమే అక్కడ ఉన్నది. శిలగా మారటం తరువాతి కవుల కల్పన. ఉపేక్షింపబడిన సజీవ శిలను చూచినకొద్దీ నాకు ఆదికవి మాటే నిజమనిపించినది. లోపల ఉన్నవారు రాయిగా మారలేదు, కంటికి కనబడటం లేదు, అంతే.

అయితే పోలిక అంతవరకే. అహల్య పూర్ణంగా తిరిగి వచ్చినది. ఈ రాళ్ళు అట్లా రాలేదు. ఫిజీ సముద్రంలో నుండి వచ్చినప్పుడు వాటిలో ఉన్న స్పంజికలలో, పురుగులలో, చిన్న పగడపు మొలకలలో చాలవాటి జాడ మళ్ళీ లేదు. సూక్ష్మజీవులు త్వరగా కోలుకొంటాయి. ఓర్పుగల కొన్ని జీవులు నిలుస్తాయి. తక్కినవి పోయినట్లే. ఏ దుకాణపు సీసాలోని మందూ వాటిని తేలేదు, ఎందుకంటే అవి సముద్రం ఇచ్చినవి. ‘పునరుజ్జీవనం’ అన్న పెద్దమాట నేను ఇక్కడ వాడకపోవటానికి కారణమిదే. మిగిలినదానిని నిలుపుకొనటం అంటే సరిపోతుంది.

కాని ఆ మిగిలినది తక్కువది కాదు. నీటిని శుద్ధి చేయటానికి ఆ ఐదు రాళ్ళు చాలు. అవి చెత్తబుట్టలో పడియుంటే వాటి స్థానంలో మరొకటి కొనవలసి వచ్చేది. సిమెంటుతోనో పింగాణీతోనో చేసిన రాళ్ళు, నేలమీది గనులలో త్రవ్విన పురాతన సున్నపురాళ్ళు నేడు దొరుకుతున్నవి. కొత్తగా తొట్టి పెట్టదలచినవారు వాటినే తీసుకొని, ఎవరి తొట్టిలోనైనా ఉన్న బతికిన రాతి ముక్క ఒకటి అడిగి తెచ్చి వాటి నడుమ ఉంచితే చాలు. పెరుగుకు తోడువేసినట్లు కొద్ది నెలలలో అన్నీ బతికినవే అవుతాయి. అందుకయినా పాతరాయి ఒకటి బతికి ఉండాలి గదా! తోడు పెట్టటానికి చెంచాడు పెరుగయినా మిగలని ఇంటిలో పాలెన్ని ఉన్నా ప్రయోజనమేమి?

మీలో దూరదేశాలలో ఉన్నవారి ఇళ్ళలో ఇటువంటి తొట్టి ఏదైనా మూలపడి ఉంటే, పారవేసే ముందు దీపం ఆర్పి, ఒక రాత్రి టార్చిలైటుతో చూడండి. విశాఖ, భీమిలి, కళింగపట్నం తీరాలవారు సముద్రపు రాళ్ళకూ, వాటిపై బతికే జీవులకూ మీ ఊళ్ళలో వాడే తెలుగు మాటలు వ్యాఖ్యలలో వ్రాయవలసినదిగా కోరుతున్నాను. ‘లైవ్ రాక్’కు నా సమాసం కంటె మంచి మాట పల్లెకారుల నోట ఉండే ఉంటుంది.